మూడో గది దీపం

రొయ్యల పెట్టెలు మాయం చేస్తున్నది మేస్త్రీ మంగరాజేనట. నిన్న సాయంత్రం సుబ్బరత్నంగారు అతణ్ణి నానా తిట్లూ తిట్టి, తాళాలు లాక్కుని గెంటేసిందట. ఆవిడ కోల్డ్ స్టోరేజీలో రొయ్యలు ఒలిచే శౌరమ్మ, శనివారం పొద్దున్నే పిట్టగోడ మీంచి ఈ కబురు మోసుకొచ్చింది.

పక్కింటి సూర్యప్రకాష్ “అయ్యో పాపం” అన్నాడు. కడుపులో మాత్రం మతాబాలు వెలిగాయి. దొంగ తనే మరి.

కోల్డ్ స్టోరేజీ ఆటోనగర్ చివర ఉంది. నాలుగు గదులు. ఏ తలుపు తెరిచినా ఆఫీసులో తెలియాలని సుబ్బరత్నంగారు మొన్న సోమవారమే కంప్యూటర్ పెట్టించింది. ప్రోగ్రాం సూర్యప్రకాష్‌దే. తెర మీద బొమ్మలు పెట్టి, వాటి మధ్య తీగలు గీస్తే చాలు, ప్రోగ్రాం తయారు. గదికో గుండ్రటి దీపం. తలుపు మూసి ఉంటే ఆకుపచ్చ, తెరిస్తే ఎరుపు, లోపల చలి తగ్గితే పసుపు.

మూడో గది తలుపు వెనక సందులోకి ఉంటుంది. ఆ ఒక్క దీపానికీ మూడు రంగుల చోటా ఆకుపచ్చే పూశాడు. తలుపుకి స్విచ్చి బిగిస్తూ తాళానికి నకలు కూడా చేయించుకున్నాడు.

“ఆ దీపాలు చూస్తుంటే కడుపు చల్లగా ఉంది బాబూ. ఇక కునుకు తీయొచ్చా?” అనడిగింది ఆవిడ ఆ రోజు.

“గుర్రుపెట్టండి మేడమ్. ఎర్రది వెలిగితేగా భయం!”

శుక్రవారం శుక్రవారం చచ్చిన రొయ్యలకు సాంబ్రాణి పొగ వేసే మనిషికి కంప్యూటరేం అర్థమవుతుందిలే అని నవ్వుకున్నాడు.

ఇప్పుడు మంగరాజు కూడా లేడు. మధ్యాహ్నం కూలీలు అన్నాలకు పోగానే సూర్యప్రకాష్ ఆఫీసు కిటికీలోంచి తొంగి చూశాడు. ఆవిడ కుర్చీలో గుర్రుపెడుతోంది. తెర మీద నాలుగు దీపాలూ ఆకుపచ్చే. ఆటోను సందులో ఆపించి, మూడో గది తలుపు తీసి, పెట్టె మీద చెయ్యేశాడు.

మంచుముద్దలాంటి చెయ్యొకటి అతని మణికట్టు పట్టుకుంది. రగ్గు కప్పుకుని, మంకీ క్యాపు తగిలించుకుని మంగరాజు!

“ఇంత ఆలస్యమా నాయనా? ఇంకాసేపుంటే నన్నూ పెట్టెలో సర్దేవాళ్లు.”

వెనక గాజుల చప్పుడు. సుబ్బరత్నంగారి కళ్లలో నిద్ర మచ్చుకైనా లేదు.

“రిపేరుకొచ్చానండీ,” అన్నాడు సూర్యప్రకాష్. “మూడో దీపం సరిగ్గా వెలుగుతోందో లేదోనని...”

“నిన్న సాంబ్రాణి వేయడానికి నాలుగు తలుపులూ బార్లా తీయించానురా. తక్కినవన్నీ ఎర్రబడ్డాయి, అదొక్కటే నీలాగా పచ్చగా నవ్వుతా కూచుంది. ఆ నవ్వు చూశాకే శౌరమ్మ చెవిన మంగరాజు కథ వేశా.”