కాళ్లకు రాని కరెంటు

నిన్న గజ్జె కట్టి ఆడిన ఒగ్గు కథకుడు ఐలయ్యకు ఈ ఉదయం కాలి వేలు కూడా కదల్లేదు.

తమ్ముడు తిరుపతి అతణ్ణి నర్మెట్ట నుంచి జనగామ దవాఖానకు తెచ్చాడు. పక్కింటి ముసలామె బుచ్చవ్వనూ చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

"గీమెనే చేతబడి చేసింది మేడం! ఇప్పుడే తీసెయ్యుమనుండ్రి. లేకుంటే ఊరోళ్లు ఈమెను బతకనియ్యరు."

"నాకు మంత్రాలొస్తే నా మోకాళ్లు గిట్లెందుకుంటయిరా?" అంది బుచ్చవ్వ, వాచిన మోకాళ్లు చూపిస్తూ.

డాక్టర్ హఫ్సా రక్తపరీక్ష చూసింది. "పొటాషియం బాగా పడిపోయింది. అది తగ్గితే కండరాల్ల కరెంటు పుట్టదు. వోల్టేజీ లేని మోటరు లెక్క, స్విచ్ వేసినా కాలు ఎత్తుకోదు. మందు ఎక్కిస్తున్నం, లేచి నడుస్తడు. కానీ ఎందుకు పడిపోయింది? ఏమన్న తాగుతున్నడా?"

"అతిమధురం కషాయం మేడం," అన్నాడు ఐలయ్య. "గొంతు కోసం. నెల సంది పూటకో చెంబు."

"అదే పొటాషియాన్ని మూత్రంల పోగొట్టింది. ఎవరు తాపిన్రు?"

తిరుపతి బుచ్చవ్వ చెయ్యి వదిలేశాడు.

"నేనే మేడం. అన్న వద్దన్నా తాపిన. గొంతు పోతే మమ్ముల కథకు ఎవలు పిలుస్తరని భయం. అవ్వ ఏం జెయ్యలే. ఊర్ల గూడ నేనే చెప్త."