పదమూడో కెమెరా

“పదమూడో కెమెరా సంగతేంటో చూద్దామా మేడమ్?” అంటూ మెట్లెక్కాడతను.

నిర్మలకు ప్రాణం లేచొచ్చింది. అరకు కాఫీ రైతుల సొసైటీ ఆఫీసు నడిపేది ఆమే. గోడల మీద కెమెరాలు పన్నెండు. పొద్దున తెరమీద పదమూడు కనబడ్డాయి. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు. ఆఫీసు ఫోన్ తీసి, కెమెరాలన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ పెట్టిన విశాఖ కంపెనీకి మాత్రం చెప్పింది. ఎల్లుండే వేలం. సొసైటీ ఏ ధరకు దిగొస్తుందో కొనేవాళ్లకు ముందే తెలిస్తే నాలుగు వందల ఇళ్ల ఏడాది కష్టం మట్టిపాలు.

గుమ్మంలో వాచ్‌మన్ గాసి అడ్డంగా నిలబడ్డాడు.

“ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకా? ఏ జీపులో దిగేరు?”

కొండ మీద కొత్త మనిషిని ఆ మూడూ అడగందే లోపలికి రానివ్వరు.

“నువ్వేమన్నా పోలీసువా?” అతను నవ్వాడు.

“కంపెనీ మనిషి మావా, తప్పుకో,” అంది నిర్మల.

అతను కుర్చీ లాక్కున్నాడు. “ఇది కొత్త రకం స్విచ్ మేడమ్. దాని తీగలకు ఎక్కడ ఏం తగిలించినా దానంతటదే చేర్చుకుంటుంది. నేను కెమెరానంటే కెమెరాల్లో, ఫోన్‌నంటే ఫోన్లలో.”

“నిజమో కాదో చూడదా?”

“చూడదు. పేరు చెప్తే చాలు. మీ ఆఫీసు ఫోన్లు కూడా దానిమీదే, మాటలన్నీ దాన్లోంచే వెళ్తాయి. ఎవరో లోపల ఒక పెట్టె తగిలించారు. స్విచ్ ఉన్న గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?”

నిర్మల గాసి వైపు చూసింది. ఇద్దరిదీ ఒకే ఊరు.

“మావా, మొన్న చింతపల్లి వెళ్లానన్నావు. ఇక్కడే అరకు సంతలో ఉన్నావట?”

“మిరియాలమ్మడానికెల్లేను. సెలవివ్వవని అబద్దమాడేను.”

“చేతిలో కొత్త ఫోను?”

“ఆ మిరియాలదే. ఏటి గుంటా, నానే సేసేనంటావా?”

నిర్మల చెయ్యి చాపింది. గాసి మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. పదకొండేళ్లుగా అది అక్కడే ఉంది.

“రేపట్నించి రాకు మావా.”

గాసి మెట్లు దిగాడు. కిందనుంచి అన్నాడు: “ఇతగాడిది ఏ ఊరో ఇంకా సెప్పనేదు.”

నిర్మల తాళంచెవి అతనికిచ్చింది. అతను గదిలోకెళ్లి లోపల గడియ పెట్టుకున్నాడు. దుమ్ము పడకూడదట.

కాసేపటికి తెరమీద పదమూడు కాస్తా పద్నాలుగైంది. పరీక్ష చేస్తున్నాడు కాబోలు అనుకుంది నిర్మల.

ఆమె సెల్ మోగింది. విశాఖ కంపెనీ నంబరు.

“అనంతగిరి దగ్గర కొండచరియ విరిగిపడి పొద్దున్నే రోడ్డు మూసేశారటండీ, మా మనిషి ఇంకా బయల్దేరలేదు.”