అందరికీ కేకు

"ఒక్క లేబుళ్ల ప్రోగ్రామేగా ఎస్బెన్, వేసుకోనివ్వరాదూ!" బతిమాలింది స్టోర్సు చూసే ఇంగర్.

"అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వను. మీకెవరికీ జాగ్రత్త లేదు," అంటూ కాఫీకి లేచాడు ఎస్బెన్. ఆర్హుస్ నగరంలోని ఆ ఆఫీసులో తొంభై కంప్యూటర్లకూ తన కుర్చీలోంచే సాఫ్ట్‌వేర్ పంపే మహారాజు అతను.

కప్పుతో తిరిగొచ్చేసరికి హాలంతా చప్పట్లు. తొంభై తెరల మీదా ఒకటే కబురు: "రేపు అందరికీ కేకు నేనే తెస్తాను. ఇట్లు, ఎస్బెన్."

కంప్యూటర్ లాక్ చెయ్యకుండా లేచినవాళ్లు కేకు తేవాలన్న నియమం పెట్టిందీ అతనే.

"పాస్‌వర్డ్ నీకెవరు చెప్పారు?" ఇంగర్‌ని చూసి గుడ్లురిమాడు.

"దాంతో పనేముందయ్యా? తలుపు బార్లా తీసిపెట్టి నువ్వే వెళ్లావుగా!" అంది ఇంగర్. తన ప్రింటర్లోంచి అప్పుడే వచ్చిన మొదటి లేబుల్ చింపి అతని చొక్కాకి అంటించింది:

"పగిలే సరుకు. జాగ్రత్త!"