రెండు లారీల లెక్క

“ఈ ఒక్కరోజుకీ ఆ చీటీల ఆట వద్దమ్మా సంయుక్తా. బోర్డు మీద నోట్సు రాసెయ్, వాళ్లు ఎక్కించుకుంటారు. క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది” అన్నాడు ప్రిన్సిపాల్ చలపతిరావు, వరండాలోనే ఆపి.

“నిశ్శబ్దం చూడ్డానికి ఆయన మాదాపూర్ నుంచి రావాలా సార్?” అంది సంయుక్త. జారుతున్న చీర కుచ్చిళ్లు సర్దుకుని, చాక్‌పీసుతో బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ గదిలోకి నడిచింది.

చివరి బెంచీలో సోమేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. సైబర్ టవర్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు. పోయిన మార్చిలో ఇంటర్వ్యూలు చేసి, “అందరూ బట్టీ బాపతే” అని ఒక్కరినీ తీసుకోకుండా వెళ్లాడు. ఈసారి ముందు ఒక క్లాసు చూస్తాడట. నచ్చితేనే ఇంటర్వ్యూలు. లేకపోతే ఇక ఈ కాలేజీ గడప తొక్కడు.

సంయుక్త నలుగురికొక చీటీ పంచింది. చీటీలో ఒక ప్రశ్న. నలుగురూ కలిసి ఆలోచించాలి. బోర్డు దగ్గరికి మాత్రం అందరికంటే భయపడేవాళ్లే రావాలి. పుస్తకంలో మాట దొర్లితే మళ్లీ మొదటికి. మిగతావాళ్లు ప్రశ్నలతో వదలకూడదు.

పావుగంట గది సంతలా మోగింది. వెనకే లోపలికొచ్చిన చలపతిరావు మెల్లగా వెళ్లి తలుపు మూశాడు.

మొదట లింగంపల్లి సాయిచంద్ లేచాడు. చీటీలో ‘స్టాక్ అంటే ఏమిటి’ అని ఉంది.

“స్టాక్ ఈజ్ ఎ లీనియర్...”

“పుస్తకం! పుస్తకం!” అని క్లాసంతా అరిచింది.

సాయిచంద్ నోరు మూతపడింది. అర నిమిషం. నిమిషం. సోమేశ్వరరావు గడియారం చూసుకున్నాడు. నువ్వే చెప్పెయ్యమని చలపతిరావు సైగ చేశాడు. సంయుక్త చెప్పలేదు.

“రోజూ నీ కళ్లతో చూసేదే చెప్పు” అంది.

“జర ఆగు. నువ్వు పరేషాన్ చెయ్యకు.”

సోమేశ్వరరావు కనుబొమలు లేచాయి. “లెక్చరర్ని పట్టుకుని నువ్వంటాడేమిటండీ?”

“ఇక్కడి మాట తీరు సార్” అంటూ చలపతిరావు దగ్గాడు.

ఇంతలో సాయిచంద్ బోర్డు మీద లారీ బొమ్మ గీశాడు. “మా బాపు లారీల బస్తాలెక్కిస్తడు. ఆఖరికి ఎక్కిన బస్తానే ముందుగాల దిగుతది. స్టాక్ అంటే గదే.”

“మరి అడుగు బస్తా కావాలంటే?” అంది ముందు బెంచీలోంచి రసజ్ఞ.

“మీదియన్ని దించాలె.”

“దించి ఎక్కడ పెడతావ్? నీ నెత్తినా?”

“ఇంకో లారీల పెడ్త.” రెండో లారీ గీస్తూ సాయిచంద్ చెయ్యి ఆగిపోయింది. “అరే... ఆడికి మార్చినంక, అండ్లకెళ్లి దించితే... మొదలు ఎక్కినదే మొదలు దిగుతది! రెండు స్టాకులు పెడితే లైను అయితది! బస్టాపుల నిలవడ్డట్టు!”

సోమేశ్వరరావు లేచి బోర్డు దాకా వచ్చాడు.

“ఇది నీకెవరు చెప్పారు?”

“ఎవ్వరు చెప్పలే సార్. గిప్పుడే తెలిసింది.”

“మా దగ్గరికి వచ్చిన ఇంజనీర్లు దీనికే నీళ్లు నమిలారయ్యా.” ఆయన లారీ బొమ్మలను ఇంకోసారి చూసి క్లాసువైపు తిరిగాడు. “సోమవారం ఇంటర్వ్యూలు. ఇక్కడే, ఈ గదిలోనే. అందరూ రండి.”

బెంచీలు దద్దరిల్లాయి. వెనక ఎవడో ఈల వేశాడు. సాయిచంద్ చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“వీళ్లకు ఈ పద్ధతి ఎవరు అలవాటు చేశారమ్మా?” అడిగాడు సోమేశ్వరరావు.

“జూన్ నుంచి మేమే చేసుకుంటున్నామండీ. వేరే దారి లేక” అంది సంయుక్త.

ఆయన నవ్వి చలపతిరావు భుజం మీద చెయ్యి వేశాడు. “మా కొత్త కుర్రాళ్లకు నేర్పడానికి ఇలాంటి మనిషి కోసమే వెతుకుతున్నాను. ఏమీ అనుకోకపోతే, మీ లెక్చరర్ని మాకిచ్చెయ్యండి సార్!”

చలపతిరావు నేలచూపులు చూశాడు.

“మా లెక్చరర్ని మీరు జూన్‌లోనే తీసుకెళ్లారండీ, నేను స్టూడెంట్‌ని.”