సమ్మతి పత్రం

“నా కొడుకు బుర్రలో ఈ పురుగు దూర్చింది మీరేనా?”

వెల్డరు పనిలోంచి లేచి సరాసరి వచ్చాడు. చొక్కా నిండా నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు. బల్లకి అవతల ఫాదర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“కూర్చోండి. మాట్లాడుకుందాం.”

“కూర్చుంటే నా కోపం చల్లారుతుందని మీ ఆశ. నిలబడే అంటాను. వాడు సెమినరీకి వెళ్తాడట. మీలా పెళ్లీ పిల్లలూ లేని ఫాదర్ అవుతాడట. ఆదివారం పూజ అయ్యాక అందరి ముందూ లేచి చెప్పాడట. కన్నవాడికి మాత్రం ఇరుగూ పొరుగూ చెప్పాలి.”

“మీరు పూజకి వచ్చి ఉంటే మీరే వినేవారు.”

“దెప్పండి, దెప్పండి. ఒక్కగానొక్క కొడుకు, ఫాదర్. మీకేం, వీడు కాకపోతే ఇంకొకడు. రోజూ ఆ సమ్మతి పత్రం తెచ్చి నా పనిబల్ల మీద పెడతాడు. నేను చింపుతాను. మర్నాడు ఇంకోటి. ఇప్పటికి నాలుగు చింపాను.”

“నాలుగూ నా దగ్గర తీసుకెళ్లినవే.”

“ఐదోది ఇవ్వకండి. అసలు వాడి సంగతి మీకేం తెలుసు? ఎనిమిదైతే గానీ మంచం దిగడు. ఈత నేర్చుకుంటానన్నాడు, మానేశాడు. గిటారు కొనిపించాడు, ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాం. ఇదీ అంతే, నాలుగు రోజుల మోజు.”

ఫాదర్ సొరుగు లాగి ఒక ఉత్తరం తీశాడు. “సెమినరీ నుంచి నిన్ననే వచ్చింది. చదవండి. మీ మనసు కుదుటపడుతుంది.”

వెల్డరు పెదవులు కదుపుతూ చదివాడు. ‘తండ్రి సమ్మతి అందలేదు. పైగా మాట్లాడి చూసినప్పుడు, అబ్బాయి నిలకడ లేనివాడిగా తోచాడు. ఈ ఏడాది తీసుకోలేము.’

“అంటే?”

“అంటే వద్దన్నారు. మీ గొడవ తీరింది. ఇంటికెళ్లి భోంచెయ్యండి.”

గుండె తేలికపడాల్సిన క్షణం అది. పడలేదు. కొట్టడానికి ఎత్తిన చెయ్యి, ఎదుటివాడు తప్పుకున్నంత మాత్రాన ఆగదు. దేనికో ఒకదానికి తగలాలి.

“నిలకడ లేనివాడా? ఎవరండీ ఈ మాట రాసింది?”

“మీరూ ఇప్పుడు అదే కదా అన్నారు.”

“నేనంటాను. కన్నాను కాబట్టి అంటాను. వీళ్లు ఎంతసేపు చూశారు వాణ్ణి?”

“అరగంట.”

“అరగంట.” ఆ మాటని ఉమ్మినట్టు అన్నాడు. “మీ చర్చి గేటు ఊగుతుంటే ముగ్గురు వెల్డర్లు అతుకు మీద అతుకేసి పోయారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. మావాడొచ్చి అంతా గ్రైండరుతో కోసిపారేసి మొదట్నుంచీ వేశాడు. రెండు రోజులు. చెయ్యి కాలినా లేవలేదు. ఇప్పుడు ఊగుతోందా?”

“లేదు.”

“మరి ఎవరికండీ నిలకడ లేనిది? నా కొడుకు మీకు పనికిరాడా? తియ్యండి ఆ పత్రం. నా సంతకంతో మళ్లీ వెళ్లి అడుగుతాడు, ఎలా కాదంటారో చూస్తాను.”

“వద్దు. కోపంలో సంతకాలు పెట్టకూడదు. వారం ఆగి రండి.”

“కోపం నాది, సంతకం నాది. మధ్యలో మీకేం?”

బల్ల మీది దొంతరలోంచి తనే ఒక పత్రం లాగాడు. ఎంత గట్టిగా నొక్కి రాశాడంటే, చివరి అక్షరం దగ్గర కాగితం చిరిగింది. ఫాదర్ ఉత్తరం మడిచి సొరుగులో పెట్టాడు.

బయట మెట్ల మీద కొడుకు కూర్చుని ఉన్నాడు. లోపలి కేకలు ఇక్కడిదాకా వినబడే ఉంటాయి, మాటలు మాత్రం అంది ఉండవు. మొహం తేటగా ఉంది.

“బాగా గొడవపడ్డావా నాన్నా?”

వెల్డరు కాగితాన్ని వాడి గుండెకేసి కొట్టినట్టు పెట్టాడు. “వెళ్లరా. నిలకడంటే ఏమిటో వాళ్లకి చూపించు.”

కొడుకు సంతకం చూశాడు. వేలితో తడిమి మళ్లీ చూశాడు. మెల్లగా తలెత్తాడు.

“నువ్వు పెట్టవన్న ధైర్యంతోనే కదా నాన్నా, వెళ్తానని అందరికీ చెప్పాను.”