ఏలియా చెవి వెనక గింజ

రాజమండ్రిలో గోదారి నీళ్లు రెండో అంతస్తు ఎక్కిన ఏడు అది. బొంతు ఏలియా అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మానేసి ఇంటికొచ్చాడు. బంతి చంకలో ఇరికించుకుని పరిగెత్తేవాణ్ణి పడగొట్టడమే అతని ఉద్యోగం. అందుకని జట్టులో అందరికీ పెట్టినట్టే అతనికీ చెవి వెనక గింజంత యంత్రం పెట్టారు. దాంతో మనసు చెప్పేలోపే ఒళ్లు దూకేస్తుంది. అతను ఆట మానినా అది మానలేదు. తీస్తే కుడిచెయ్యి చచ్చుబడుతుందన్నాడు డాక్టరు.

ఇక ఇంట్లో బతుకు చూడాలి! పార్సిలు తెచ్చినతను కుక్కకి జడిసి, పార్సిలు చంకలో పెట్టుకుని పరిగెత్తుకొస్తే ఏలియా అతన్ని గుమ్మంలోనే బోర్లా పడేశాడు. అప్పట్నుంచి చేటైనా చెంబైనా అందరూ నెత్తిన పెట్టుకుని నడవాల్సిందే.

"నా ఇంట్లో నేను పెళ్లికూతుర్లా అడుగులెయ్యాలా? తీయించుకో మహానుభావా!" అని విసుక్కునేది భార్య మార్తమ్మ.

"చెయ్యి పోద్దే." అనేవాడు ఏలియా, కుడిచెయ్యి చూసుకుంటూ.

ఒక సాయంత్రం రెండేళ్ల మనవరాలు రూతు చంకలో బొమ్మతో "తాతా!" అంటూ పరిగెత్తుకొచ్చింది. ఒళ్లు దూకబోతోందని తెలిసి ఏలియా కిటికీ ఊచల్ని కావలించుకున్నాడు. భుజాలు పటపటమన్నా పట్టు వదల్లేదు. పిల్లకది ఆటలా ఉండి, బొమ్మ పడేసి చప్పట్లు కొట్టింది. కూతురు మాత్రం పిల్లనెత్తుకుపోయి గదిలో గడియ పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ఏలియా ఎడంచేత్తో ఇడ్లీ తినడం చూసి మార్తమ్మ మండిపడింది.

"అదేం ఖర్మ, ఆ చేత్తో?"

"ఇక ఈ చెయ్యేగా," అని, ఆ చేత్తోనే చెంబెత్తి నీళ్లు తాగి ఆస్పత్రికి బయల్దేరాడు.