బొట్టు పిలుపు

ఆ రోజు ఇంట్లో నానమ్మ, అమ్మ, నాన్న చెల్లెలు హైమత్త, నేను ఉన్నాం. గోడలోని యంత్రాన్ని కూడా కలిపితే ఐదుగురం. పొయ్యి ఆరాలన్నా, తలుపు మూసుకోవాలన్నా దానికి నోటితో చెప్పాల్సిందే.

నా ఓణీల వేడుకకు ఊరివాళ్ళను బొట్టుపెట్టి పిలవడానికి అమ్మ కుంకుమ భరిణతో బయలుదేరింది. వెళుతూ పొయ్యి ఆపమంది. యంత్రం ఆపింది. ఆపి, "మీ మాటలో లోపం ఉండవచ్చు. పరీక్ష చేయించుకోండి," అంది.

అమ్మ నవ్వేసింది. వీధి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "అత్తయ్యా, నాకు నత్తి ఉందా?" అని అడిగింది.

"ఏమోనే. నువ్వేం చెప్పావో విన్నాను గాని, ఎలా చెప్పావో ఎన్నడు చూశాను?" అంది నానమ్మ.

"అందుకే కాబోలు వదినా, నువ్వు ఫోన్ చేస్తే మా ఆయన నా చేతికిచ్చి పారిపోతాడు," అంటూ హైమత్త పకపకా నవ్వింది.

ఈసారి అమ్మ నవ్వలేదు. భరిణ హైమత్త చేతిలో పెట్టి, "నువ్వెళ్ళి పిలిచిరా హైమా," అని గదిలోకి పోయింది. లోపల "తలుపు, తలుపు" అని నెమ్మదిగా పలికి చూసుకుంటోంది.

మా ఊళ్ళో తల్లి లేని పిల్ల వేడుకకే మేనత్త బొట్టుపెట్టి పిలుస్తుంది. నేను గది గుమ్మం దగ్గరకు పరుగెత్తాను.

"నువ్వే పిలవాలమ్మా. నీ మాట నాకెప్పుడూ బాగానే ఉంది."

అమ్మ నావైపు చూసి పెదవులు కదిపింది. గోడవైపు తిరిగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, "తలుపు మూయి," అంది.

యంత్రం ఏ తప్పూ పట్టలేదు. తలుపు నా ముఖం మీద మూసుకుంది.